వరహాలక్ష్మి మీటరు పుస్తకం

వరహాలక్ష్మికి పన్ను నొప్పి పట్టుకుంది. నోట్లో పన్ను కాదు, నోటీసులో పన్ను.

నర్సీపట్నంలో ఆవిడది చిన్న క్రెష్. పిల్లల్ని తేవడానికీ దింపడానికీ తిరిగే పాత కారుకైన పెట్రోలూ రిపేర్లూ నిరుటి లెక్కల్లో వృత్తి ఖర్చుగా చూపించింది. ఆ కారు నిజంగా పిల్లల కోసమే తిరిగిందని పదిహేను రోజుల్లో రుజువు చూపమని పన్నుశాఖ అడిగింది. చూపలేకపోతే, కట్టాల్సిన పన్నుకి ఆ కారే అమ్మాలి. కారు పోతే రెండు ట్రిప్పుల్లో వచ్చే పదకొండుమంది పిల్లలూ ఇంటిపట్టునే ఉంటారు, వాళ్లతోపాటు జీడిపప్పు ఫ్యాక్టరీకెళ్లే తల్లులూ, ఆసుపత్రి డ్యూటీకెళ్లే తల్లులూ. ఆ పిల్లలెవరూ ఆవిడ కన్నపిల్లలు కారు. కారు మాత్రం వాళ్లదే.

అయినా ఆవిడ బెదరలేదు. పుస్తకం ఉంది కదా. కారు తీసినప్పుడూ పెట్టినప్పుడూ మీటరు చూసి, ఎక్కడికెళ్లిందో, ఎందుకెళ్లిందో రాసేది. పిల్లల కోసమైతే పిల్లల పేర్లు. ఉపమాక గుడికైతే ఉపమాక. ఆడపడుచుని యలమంచిలిలో రైలెక్కించినా, ఆయనగారు చేపలకి పట్టుకెళ్లినా, అదీ రాసేది. వారానికో పేజీ, కుడివైపు మాత్రమే. కొంత పెన్నుతో, కొంత పెన్సిలుతో, ఒకచోట సెరెలాక్ మరకతో.

ఆయనగారంటే జగదీశ్వరరావు మాస్టారు. బడి వదిలి మూడేళ్లయినా బోర్డు మీద రాసే చెయ్యి ఆయన్ని వదల్లేదు. ఈ కొక్కిరిబిక్కిరి రాత గవర్నమెంటుకి పంపడమా అని ప్రాణం ఉసూరుమని, భార్యకి చెప్పకుండా రెండు మధ్యాహ్నాలు కూర్చుని మొత్తం కొత్త పుస్తకంలోకి ఎత్తి రాశారు. మార్జినుకి ఎర్రగీత, నాలుగు మూలలా పసుపు. ఇంటి సంగతులు పన్నువాళ్లకెందుకని ఉపమాకనీ, చెల్లెల్నీ, చేపల్నీ ఏరిపారేశారు. పాత పుస్తకం చింపి, వెనకవైపు తెల్లగానే ఉందికదా అని బొమ్మలేసుకోమని పిల్లలకి పంచేశారు. ఆడిటరు చూడకముందే ఇంట్లో ఎడిటరు తయారయ్యాడన్నమాట.

ఆడిటర్ సాయిప్రియ ఆఫీసులో మాస్టారు సంచిలోంచి ఆ పసుపు పుస్తకం తీసేదాకా వరహాలక్ష్మికి ఈ సంగతేదీ తెలీదు. సాయిప్రియ వయసులో చిన్నది, చూపులో పెద్దది. నాలుగు పేజీలు తిప్పింది.

"ఏడాదంతా ఒకే పెన్నుతో రాశారా ఆంటీ?"

ఆంటీ నోరు విప్పేలోగా ఒకచోట వేలు పెట్టింది.

"శుక్రవారం సాయంత్రం కారు పెట్టేసినప్పుడు మీటరు ఇది. సోమవారం తీసినప్పుడు ఇది. మధ్యలో కారు తియ్యలేదంటున్నారు. నిలబడినచోటే ఎనభై కిలోమీటర్లు ఎలా నడిచిందండీ?"

ఉపమాక అని మాస్టారు గొణిగారు. పాత పుస్తకం ఏదని వరహాలక్ష్మి అడిగింది. అదేమైందో కూడా గొణిగారు.

ఇది పంపితే ఉన్న నమ్మకం కూడా పోతుందని సాయిప్రియ తేల్చేసింది. సొంతానికి తిరిగింది సొంతానికని ఒప్పుకున్న పుస్తకమైతేనే, పిల్లలకి తిరిగిందన్నమాట ఎవరైనా నమ్ముతారంది. గడువింకా నాలుగు రోజులు.

"నాలుగు చాలు," అని లేచింది వరహాలక్ష్మి.

పిల్లల బొమ్మలు పిల్లల బ్యాగుల్లోనే ఇళ్లకి పోతాయి. ఆ సాయంత్రం నుంచే పిల్లల్ని దింపిన ప్రతి గుమ్మంలోనూ, పిల్లల్ని ఇచ్చి పేజీల్ని పుచ్చుకోవడం మొదలెట్టింది. కొన్ని ఫ్రిజ్ మీద దొరికాయి, కొన్ని పరుపు కింద. ఒకటి పప్పుల డబ్బాలో అడుగున పరిచి ఉంది. మాస్టారు అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని వెనకసీట్లో పిల్లల మధ్య కూర్చున్నారు. ముందుసీటు అడిగే ధైర్యం లేకపోయింది.

పెదబొడ్డేపల్లిలో జోగులమ్మ అడ్డం తిరిగింది. మనవరాలి బొమ్మని అన్నం మెతుకులతో గోడకి అంటించుకుందావిడ.

"నా మనవరాలు ఏసిన ఏనుగు నీకెందుకమ్మా?"

వెనకాల తన కారు లెక్క ఉందని వరహాలక్ష్మి చెప్పింది. కారు లేకపోతే మనవరాల్ని రేపు ఎవరు తీసుకెళ్తారో కూడా అడిగింది. జోగులమ్మ తడిగుడ్డతో కాగితాన్ని మెల్లగా ఊడదీసింది.

"నానూ ఒత్తాను. ఆలు సూసీసి మళ్లీ నా సేతికే ఇచ్చీయాల. పద, బేగి."

నాలుగోరోజు సాయిప్రియ బల్లమీద ఏనుగులూ, సూర్యుళ్లూ, నాలుగు కాళ్ల కోళ్లూ పరుచుకున్నాయి. తిప్పితే మీటరు అంకెలు. ఉపమాక ఉంది, చేపలున్నాయి, శుక్రవారానికీ సోమవారానికీ లెక్క కుదిరింది. యాభైరెండు వారాల్లో నలభైతొమ్మిది దొరికాయి. ఆ మూడూ ఏం చేద్దామని సాయిప్రియ అడిగేసరికి, మాస్టారి చెయ్యి దానంతటదే జేబులో పెన్ను దగ్గరికి పోయింది.

"చెయ్యి తియ్యండి," అంది వరహాలక్ష్మి. తర్వాత సాయిప్రియవైపు తిరిగింది. "ఆ మూడు వారాలూ లేవనే రాయమ్మా. వాటి ఖర్చు నాకొద్దు. మా సొంత తిరుగుళ్లు కూడా తీసెయ్యి. మిగిలిందాంట్లో మాత్రం ఒక్క కిలోమీటరు వదలను. అది నా పని."

సాయిప్రియ అన్నీ స్కాన్ చేసి పంపింది. జోగులమ్మ తన ఏనుగుని కొంగులో చుట్టుకుని ముందుసీట్లో కూర్చుంది.

రెండు నెలలకి ఫోనులో పన్నుశాఖ జవాబొచ్చింది. అడిగినంతా ఒప్పుకున్నారు. వరహాలక్ష్మి ఫోను పక్కన పడేసి, మీటరు చూసి రాసుకుని, రెండో ట్రిప్పుకి బయల్దేరింది.