పట్టే చేతులు

సర్కస్ డేరాలో పుట్టిన ఆడపిల్లలందరిదీ ఒకటే కల. ఎత్తున ఉయ్యాల వదిలేసి గాలిలో తేలుతుంటే, అవతలి ఉయ్యాలకి మోకాళ్ళతో తలకిందులుగా వేలాడుతున్నవాడు వచ్చి మణికట్లు పట్టుకోవాలి. ఆ పట్టినవాణ్ణే పెళ్ళాడాలి. తాతకి అందులో తప్పేమీ కనపడలేదు. ఆయనా ఒకప్పుడు పట్టేవాడే. ఆయన భార్య ముసలమ్మ అలా ఎగిరి ఆయన చేతుల్లోకి వచ్చిందే. ఇప్పుడామె లేదు. ఆయన మోకాళ్ళు అరిగిపోయి కింద వల కట్టే పనిలో ఉన్నాడు.

మనవరాలు పిచ్చుక కూడా ఆ కలతోనే పెరిగింది. అది ఎగిరేదైంది, బావ పట్టేవాడయ్యాడు. పెళ్ళి ఖాయమైంది. ఇక అంతా సాఫీ అనుకుంటుంటే, ఒక పొద్దున తాత పక్కన చతికిలబడి అంది:

"తాతా, నేను పట్టేదాన్నవుతా."

తాత ముడి బిగించాడు. "దేన్నే? ఎలకల్నా?"

"బావని."

పక్కనే మొహానికి తెల్లరంగు పూసుకుంటున్న జోకరు చెవిన పడింది. "చంపావ్! ఇక జనం నన్ను మానేసి మీ బావని చూసి నవ్వుతారు. నా పొట్ట కొట్టకే తల్లీ!"

బావకి నవ్వు రాలేదు. "బతికినన్నాళ్ళూ నిన్ను నా చేతుల్లో పెట్టుకు చూసుకుంటానంటుంటే, నీకీ దురద దేనికే?"

"చూసుకో, ఎవరొద్దన్నారు? నాకూ రెండు చేతులున్నాయి కదా బావా, వాటినేం చేసుకోను?"

మాట మేనేజరు దాకా పోయింది. ఆయన వచ్చి తేల్చేశాడు. "ఇప్పుడే, నా కళ్ళ ముందు ఒక్కసారి పట్టి చూపించు. సాయంత్రం ఆట నీదే. పట్టలేకపోయావో, జన్మలో మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

పిచ్చుక తలూపింది. రోజూ డేరా అంతా నిద్ర లేవకముందే అది ఉయ్యాలకి తలకిందులుగా వేలాడి ఇసుక మూటలు ఎత్తుతోందని తాతకొక్కడికే తెలుసు. ఆయన ఎవరికీ చెప్పలేదు. అసలాయన నోరు విప్పేదే తక్కువ.

ఇద్దరూ చెరో నిచ్చెనా ఎక్కారు. బావ ఎగిరాడు. పిచ్చుక చేతులు చాపి ఎదురొచ్చింది. అంతలో బావే ఎగబడి దాని వేళ్ళు పట్టుకోబోయాడు. జారాడు. దబ్బున వలలో పడ్డాడు.

"చూశారా? పట్టు లేదు!" అన్నాడు లేస్తూ.

మేనేజరు వెనక్కి తిరిగాడు. పైన పిచ్చుక మొహం పాలిపోయింది. అప్పుడు తాత నోరు విప్పాడు.

"ఒరే, తప్పు నీది. ఎగిరేవాళ్ళు పట్టుకోకూడదు. చేతులు చాపి ఊరుకోవాలి."

"ఊరుకుంటే పడిపోనూ?"

"అది ఇన్నేళ్ళూ ఊరుకుంది. పడిందా?"

ఈ పాఠం ఆడపిల్లలకి పాలపళ్ళ నాడే నేర్పుతారు. మగపిల్లలకి నేర్పాలని ఎవరికీ తోచలేదు. మేనేజరు ఆగాడు. బావ మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. పైన నిలబడి కిందకి చూసి ఉయ్యాల కర్ర రెండు చేతులా పట్టుకున్నాడు.

అవతలి నుంచి పిచ్చుక గొంతు వచ్చింది. "నేనున్నా బావా. రా."

రోజూ వాడు దానితో అనే మాటే అది.

వాడు దూకాడు. చేతులు చాపి ఊరుకున్నాడు. రెప్పపాటు కాలం వాడు ఎవరి చేతిలోనూ లేడు. చప్పుమని చప్పుడైంది. తాళ్ళు కిర్రుమన్నాయి. వాడి బరువంతా దాని భుజాల మీద పడింది. కింద తాత భుజం కూడా ఉలిక్కిపడింది. పిచ్చుక చేతులు సాగాయి, వదల్లేదు. ఇద్దరూ ఒకే పొడుగాటి ప్రాణమై, గుడ్డ చిల్లుల్లోంచి దిగిన ఎండని కోసుకుంటూ డేరా ఆ చివరికి పోయారు.

తాత వాడి మొహం చూశాడు. ప్రతి ఆటలోనూ తన చేతుల్లోకి వచ్చినప్పుడు ముసలమ్మ మొహంలో ఉండే వెలుగే అది. ప్రేమ అనుకునేవాడు. ప్రేమే. దాని అడుగున ఇంత భయం, ఆ భయాన్ని మింగిన ఇంత ధైర్యం ఉందని ఇప్పుడు తెలిసింది. అంత ధైర్యాన్ని తను అన్నేళ్ళు చేతుల్లో పట్టుకుని తిరిగాడన్నమాట.

బావ వలలోకి దిగి, ఎర్రగా కమిలిన మణికట్లు చూసుకున్నాడు. "ఇది వదలదురోయ్," అన్నాడు నెమ్మదిగా. జోకరు సగం రంగు మొహంతో నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మేనేజరు మాట తప్పలేదు. "సాయంత్రం ఆట దానిదే," అన్నాడు.

పైన పిచ్చుక ఇంకా తలకిందులుగానే ఊగుతోంది. "తాతా! వాణ్ణి ఇంకోసారి పంపు!"

పైకే చూస్తున్న తాత మెడ పట్టేస్తున్నా తల దించలేదు.