తెరవని కళ్ళు, దించని చెయ్యి

దయామణి ఆమెన్ అనకుండా లేచి వెళ్ళిపోయిన సాయంత్రం నుంచి ఆమె తండ్రి ఇస్సాకు కళ్ళు తెరవడం లేదు.

ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు ఎంతసేపు ప్రార్థించినా, చివర ఆమెన్ అనవలసింది అందరిలోకీ చిన్నవాళ్ళు. ఆ మాట వినపడ్డాకే కళ్ళు తెరుస్తారు, అన్నం వడ్డిస్తారు. నమ్మని మాట నోటితో అనలేనని చెప్పి దయామణి పట్నం బస్సెక్కింది. ఇస్సాకూ, భార్య మార్తమ్మా మూసిన కళ్ళతోనే ఉండిపోయారు. ప్రార్థన ముగియలేదు కనుక అన్నం చల్లారడం లేదు. కిటికీలోంచి చూస్తున్న గేదె కూడా మర్యాదకు కళ్ళు మూసుకుంది.

బతుకు అలాగే సాగుతోంది. ఇస్సాకు కళ్ళు మూసుకునే కల్లంలో మిరపకాయలు తిరగేస్తాడు. తాలుకాయ ఏదో మంచికాయ ఏదో గలగలను బట్టి ఏరుతాడు. మార్తమ్మ ఆవిరి వాసన చూసి కూరలో ఉప్పు వేస్తుంది. ఊళ్ళో ఎవరూ వింతపడరు. పాస్టరు గారు వచ్చి, పిల్ల తిరిగొచ్చేదాకా దీన్నంతా ఒకే ప్రార్థన అనుకుందామని చెప్పి వెళ్ళాడు.

పట్నంలో దయామణి కుడిచెయ్యి పైకెత్తే ఉంది. ప్రభుత్వ బడుల్లో ఏ దేవుడి ప్రార్థనా ఉండకూడదనే తీర్మానానికి మద్దతుగా, తాను చేరిన స్వేచ్ఛా వేదిక సభలో ఎత్తిన చెయ్యి అది. వేదిక పద్ధతి ప్రకారం అధ్యక్షుడు దించమంటేనే చేతులు దించాలి. అధ్యక్షుడు సుధీంద్ర గారు, తీర్మానంలో దేవుడు అనే మాట వాడటమే తప్పేమోనన్న చర్చలో పడి ఆ సంగతి మరిచిపోయాడు. చర్చ ఇంకా నడుస్తోంది. సభ్యులంతా ఎత్తిన చేతులతోనే కాఫీ తాగుతారు, కూరగాయలు బేరమాడతారు. రోడ్డు మీద వాళ్ళను చూసి ఆటోలు ఊరికే ఆగుతుంటాయి.

ఈ మధ్య అద్దంలో దయామణి ముఖం పలచబడుతోంది. నాన్న చూడక దానికి పట్టు తప్పిందని ఆమెకు తెలుసు. తాను ఆమెన్ అని, నాన్న ఒక్కసారి కళ్ళు తెరిచి చూస్తే చాలు. ఆ మాటే సుధీంద్ర గారితో అంటుంది. ఒక్క ఆమెన్‌తో మొదలైతే ఎక్కడ ఆగుతుందని ఆయన అడుగుతాడు. ముఖం లేకపోయినా ఓటు చెల్లుతుందని ఓదారుస్తాడు కూడా.

ఆమె ఊరికి వస్తుంది. కల్లంలో ఇస్సాకు అడుగుల చప్పుడు విని తల తిప్పుతాడు.

"ఎవురూ?"

"నేనే నాన్నా."

ఆయన తడుముకుంటూ వచ్చి, ఎత్తిన చెయ్యి పట్టుకుంటాడు. మణికట్టు నుంచి భుజం దాకా నిమిరి ఆగుతాడు.

"ఇది స్తోత్రానికా, ఓటుకా?"

"ఓటుకే."

"దేనికంట?"

బడి మాట, ప్రార్థన మాట ఏమీ దాచకుండా ఆమె చెబుతుంది. ఆయన అరచెయ్యి ఆమె భుజం మీద కాసేపు బరువెక్కుతుంది. తర్వాత మామూలవుతుంది.

"నేను దించమంటే దిగుద్దా?"

"దిగదు నాన్నా. అధ్యక్షుడే అనాల."

"మా కళ్ళ మాదిరే," అని ఇస్సాకు నవ్వుతాడు. "నొప్పెడతందా మణీ?"

ఆయన ఆముదం తెమ్మని మార్తమ్మను కేకేసి, ఆమెను నీడన కూర్చోబెట్టి భుజం మర్దన చేస్తాడు. మార్తమ్మ వాళ్ళ పక్కనే చతికిలబడి కూతుర్ని బతిమాలుతుంది. అబద్ధమైనా సరే ఒక్కసారి ఆమెన్ అనెయ్యమంటుంది, దేవుడికి తాను సర్దిచెప్పుకుంటానంటుంది. దయామణి ఆ మాటను నాలుక మీద పెట్టుకుంటుంది. అది చింతగింజలా నున్నగా, చల్లగా ఉంది. ఆమె పెదవులు విడివడతాయి.

"అనమాక," అంటాడు ఇస్సాకు. "నమ్మకుండా నువ్వంటే నా కళ్ళు తెరుచుకుంటయ్యి. అప్పుడు నాకు కనపడేది నువ్వు కాదు, ఎవురో చెప్పినట్టు వినే పిల్ల."

ఆమె గింజను మింగుతుంది. మార్తమ్మ మూసిన కళ్ళనే కొంగుతో ఒత్తుకుని వంటింట్లోకి పోతుంది.

పొద్దు వాలి ఎండ ఇస్సాకు ముఖం మీదికి వస్తుంది. ఆ వెలుగుకు ఆయన రెప్పలు ఎండుమిరప తొక్కల్లా ఎర్రగా, లోపలున్నది కనిపించేలా అవుతాయి. దయామణి వంగి, తలుపు సందులోంచి చూసినట్టు ఒక రెప్పకు కన్ను ఆనిస్తుంది.

లోపల వాన కురుస్తోంది. బురద దారిలో ఒక పిల్ల వట్టి కాళ్ళతో నడిచి వెళ్ళిపోతోంది. వెనక ఇస్సాకు ఆ పిల్ల చెప్పులు చంకలో పెట్టుకుని పరుగెత్తుతున్నాడు. ఎంత పరుగెత్తినా దారి అతని పాదాల కింద వెనక్కి జరుగుతోంది. పిల్ల తిరిగి చూడటం లేదు.

దయామణి చిటికెన వేలి గోటితో రెప్ప మీద మెల్లగా తడుతుంది.

లోపలి పిల్ల ఆగుతుంది. వెనక్కి కాదు, పైకి చూస్తుంది. ఆకాశం నిండా ఒకే ఒక్క కన్ను ఉంది. వాన అందులోంచే పడుతోంది. దారి ఏరవుతుంది, ఏరు చెరువవుతుంది. ఇస్సాకు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడిపోతాడు. అతని చంకలోంచి చెప్పులు రెండూ దిగి, నీళ్ళ మీద ఒకదాని వెనక ఒకటి అడుగులేసుకుంటూ పిల్ల వైపు బయలుదేరతాయి.