రంగు గీత గోడ కాదు

ఇరవై రెండేళ్లుగా పన్నెండో నంబరు బడి బస్సు నడుపుతున్న ఎర్లీన్‌కు ఆ దారిలో ఎక్కడ గుంత ఉందో, ఏ ఇంటి కుక్క బస్సు వెంట పడుతుందో కంఠతా వచ్చు. ఆమెకు భయమల్లా ఒక్క చోటే. ఇండియానాలోని ఆ చిన్న ఊరు దాటగానే మిల్ రోడ్డు అయిదు వరసలవుతుంది. అటు రెండు, ఇటు రెండు, మధ్యలో ఎడమకు తిరిగే బళ్ల కోసం పసుపు గీతలు గీసిన వరస ఇంకొకటి. అవతలి వైపు ఇంట్లో ఉండే ఏడేళ్ల టెస్సా రోజూ అవన్నీ దాటివచ్చి బస్సెక్కాలి.

అక్టోబరులో ఒక గురువారం పొద్దున పొలాల మీద పొగమంచు దట్టంగా కమ్ముకుని ఉంది. ఎర్లీన్ ముందుగానే పసుపు దీపాలు వేసి, బస్సు ఆపి, ఎర్ర దీపాలు వెలిగించింది. బస్సు పక్కనుంచి 'ఆగు' అన్న పలక చాచిన చెయ్యిలా బయటికి వచ్చింది. వెనక బళ్లు ఆగాయి. ఎదురుగా వస్తున్న పాల ట్యాంకరు కూడా రోడ్డు అంచు వరసలో ఆగింది. ఇంకేమీ రావడం లేదని చూసుకుని ఎర్లీన్ రమ్మని చెయ్యి ఊపింది.

టెస్సా ట్యాంకరు ముందునుంచి నడిచి వస్తూండగా దాని వెనకనుంచి ఒక ఆకుపచ్చ పికప్ పక్క వరసలోకి దూసుకొచ్చింది. ఎర్లీన్ బలమంతా పెట్టి హారను నొక్కింది. పిల్ల ఉన్నచోటే కొయ్యబారిపోయింది. పికప్ పిల్లకు మూరెడు దూరంలోంచి వెళ్లిపోయింది. దాని నెత్తిన కట్టిన నిచ్చెనలు చూశాక, ఎర్లీన్‌కు తలుపు మీద పేరు చదవాల్సిన పని లేకపోయింది. అది లొవెల్ బండి. ఇళ్లకు పైకప్పులు వేసే లొవెల్ ఆమె అక్క బెర్నీస్ భర్త.

టెస్సా ఏడవలేదు. మెట్లెక్కి వచ్చి, "మిస్ ఎర్లీన్, మీరు చెయ్యి ఊపారు కదా" అంది.

"ఊపానమ్మా" అంది ఎర్లీన్.

సాయంత్రం బస్సు అప్పజెప్పి తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది. లొవెల్ వాకిట్లో నిచ్చెనలు దించుతున్నాడు.

"బావా, పొద్దున మిల్ రోడ్డు మీద నా బస్సు ఆగి ఉంటే దాటిపోయావు."

"పోయాను. అయితే ఏం? నేను ఎదురు వైపు కదా వస్తున్నది. మధ్యలో ఒక వరసంతా ఉంది. ఎదురొచ్చేవాడు ఆగక్కర్లేదు. లైసెన్సు తీసుకున్నప్పటినుంచీ నాకు తెలిసింది అదే."

"మధ్యలో గోడో, గడ్డి మిట్టో ఉంటే ఆగక్కర్లేదు. అక్కడున్నది రంగు. రంగు గీత గోడ కాదు బావా. అటువాళ్లూ ఇటువాళ్లూ అందరూ ఆగాల్సిందే."

"ట్యాంకరు వాడికి టైరు పోయి ఆగాడనుకున్నా."

"వాడి ముందునుంచి పిల్ల వస్తోంది."

లొవెల్ చేతిలో నిచ్చెన ఒక్క క్షణం ఆగింది. మళ్లీ దించి గోడకు చేర్చాడు. "ఏమీ కాలేదుగా. గోరంతను కొండంత చెయ్యకు."

"నేను బడి బస్సుల ఆఫీసుకు రాసివ్వాలి."

"సొంత అక్క మొగుడి మీదా? లైసెన్సు పోతే కప్పులెయ్యడానికి నడిచెళ్లమంటావా?"

వరండాలోంచి బెర్నీస్ మెల్లగా అంది: "పొగమంచులో నంబరు కనపడలేదని రాయవే. ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరక్కా. ఆ పిల్ల అడిగింది నన్ను."

ఆ రాత్రి భోజనం చెయ్యకుండానే ఎర్లీన్ ఫిర్యాదు కాగితం నింపింది. నవంబరు మొదట్లో జడ్జి లొవెల్ లైసెన్సును మూడు నెలలు ఆపేశాడు. ఆ నెలాఖరున థాంక్స్‌గివింగ్ పండక్కి అక్క ఇంటినుంచి పిలుపు రాలేదు. ఎర్లీన్ చర్చిలో పెట్టిన విందుకు వెళ్లింది. అక్కడ గుమ్మడికాయతో చేసిన తీపి 'పై' రెండు ముద్దలు తిని, అక్క చేసేదానికి ఇది సాటి రాదనుకుని పళ్లెం పక్కన పెట్టేసింది.

తరువాత లొవెల్ సంగతి ఆమెకు అక్క చెబితేనే తెలిసింది. రోజూ బెర్నీసే భర్తను పనికి దింపుతోంది. డిసెంబరులో ఒక పొద్దున మిల్ రోడ్డు మీద బస్సుకు ఎదురుగా ఆగాల్సి వచ్చింది. నడిపే పని లేని లొవెల్ అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు. టెస్సా ప్రతి వరస అంచునా ఆగుతోంది. ఎర్లీన్ చెయ్యి ఊపుతున్నా నమ్మకుండా మెడ చాచి తనే చూసుకుంటోంది. పిల్ల ఇంకా రెండో వరస దాటకముందే ఒక కారు వీళ్ల పక్కనుంచి జారుకోబోయి, బస్సు హారను విని కీచుమని ఆగింది.

"కళ్లు నెత్తికెక్కాయి వెధవకి" అన్నాడు లొవెల్.

బెర్నీస్ అతనికేసి చూసింది. ఆ పిల్ల బస్సెక్కేదాకా అతను చూపు తిప్పలేదు.

ఆ శనివారం ఎర్లీన్ తలుపు తీసేసరికి ఎదురుగా లొవెల్. అక్క కారులోనే ఉండిపోయింది.

"అసలా పిల్ల ఎందుకు దాటాలి? బస్సే తిరిగొచ్చి ఆ పిల్ల ఇంటి వైపు ఆగొచ్చుగా?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

"తిప్పడానికి చోటేదీ? నాలుగేళ్లుగా అడుగుతున్నా. ఆఫీసు వాళ్లది అదే మాట."

"ముందుకెళ్తే మూసేసిన కలప అడితి ఉంది కదా. దాని ఓనరు ఇంటి కప్పు వేసింది నేనే. అడుగుతాను."

"గేటు ఇరుకు బావా, బస్సు పట్టదు."

"గేటుదేముంది, ఊడబీకితే అదే వెడల్పవుతుంది. నువ్వు మాత్రం నన్ను అక్కడికి తీసుకెళ్లాలి. నా బండి ఆపించింది నువ్వే కదా."

అడితి యజమాని ఊరికి గంట దూరంలో ఉంటాడు. ఆయన సరేనని సంతకం పెట్టాక, తిరిగి వస్తూ లొవెల్ కిటికీ వైపు చూస్తూనే అన్నాడు: "ఆ పిల్ల అక్కడుందని నిజంగా చూళ్లేదు ఎర్లీన్. ఇప్పుడు కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది."

"నాకు నేనూపిన చెయ్యి కనిపిస్తుంది" అంది ఎర్లీన్.

కాసేపటికి అతను, "నువ్వు రాశావన్న కోపం మాత్రం పూర్తిగా పోలేదు" అన్నాడు.

"పోయినప్పుడే పోతుందిలే బావా."

క్రిస్మస్ లోపల లొవెల్ గేటు స్తంభాలు పీకి, గుంతల్లో కంకర పోసి చదును చేశాడు. ఆఫీసు వాళ్లు వచ్చి కొలుచుకుని, ఎర్లీన్ చేత ఖాళీ బస్సును మూడుసార్లు తిప్పించి చూసి ఒప్పుకున్నారు.

జనవరిలో బడి తెరిచిన రోజున ఎర్లీన్ ముందు టెస్సా ఇంటిని దాటిపోయింది. అడితిలో లొవెల్ తెల్లారకముందే వచ్చి మంచు ఎత్తిపోసి, పార పట్టుకుని పక్కకు నిలబడ్డాడు. బస్సు ఒక్క తిప్పులో తిరిగింది. వెనక్కి వచ్చి ఆగితే తలుపు సరిగ్గా టెస్సా ముందు తెరుచుకుంది.

టెస్సా అలవాటుగా రెండు వైపులా చూసింది. "ఇంక దాటక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"రేపు?"

"రేపూ అక్కర్లేదమ్మా."

టెస్సా గబగబా ఎక్కి స్నేహితురాలి పక్కకు పరుగెత్తింది. "నడువు, పరుగొద్దు" అంటూ ఎర్లీన్ తలుపు మూసింది. రెండు వైపులా బళ్లన్నీ ఆగే ఉన్నాయి.