నాయన నోరు విప్పని రోజు

కామమ్మ రెండు కోకలు, ఒక దువ్వెన, అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం గుడ్డసంచిలో కుక్కి మూతి కట్టింది. జడ అల్లుకుని ఇటు తిరిగేసరికి సంచి లావెక్కింది. విప్పి చూస్తే ఎండురొయ్యల మూట!

"అమ్మా, నువ్వేనా పెట్టింది?"

"నేనేం పెట్టలా, నేనేం చూళ్ళా," అంది అంకాలమ్మ గోడవైపు తిరిగి. "మీ నాయన వింటే ఇద్దరినీ నీళ్ళలో ముంచుతాడు."

అది 1958 జనవరి. శ్రీహరికోట దీవిలోని ఆ పల్లెలో కామమ్మ నాయన పోలేరయ్య గొంతే పెద్దది. ఎదురుగాలిలో కేకేసినా అవతలి పడవకు వినపడేది. కూతురు నెల్లూరులో నర్సు చదువుకు పోతానన్నప్పుడు ఆ గొంతుతోనే కులపెద్దల ముందు ఒట్టేశాడు: "నా నోటితో దాన్ని పొమ్మంటే నా పేరు పోలేరయ్యే కాదు!" ఆనాటినుంచి పన్నెండు రోజులుగా ఆయన ఇంట్లో ఒక్క మాట మాట్లాడలేదు.

దరఖాస్తులో తండ్రి ఒప్పుదల రాయాలి. కామమ్మ ఏడుస్తూ వెళితే బడి నడిపే మగ్దలీనమ్మ ఓదార్చింది.

"ఇంగ్లీషులో టాసిట్ అని ఒక మాట ఉండాదమ్మే. నోటితో చెప్పకుండానే ఒప్పుకోవడం."

"అయితే రాసెయ్యండి టీచరమ్మా! మా నాయన నోరు తెరిస్తే గదా!"

"అట్ట కాదే పిచ్చిదానా. అలిగినోడూ మాట్లాడడు. దానికి ఆ మాట వాడకూడదు. చేతులేం చేస్తాయో చూడు. అవి ఒప్పుకుంటేనే రాస్తా."

అప్పటినుంచి కామమ్మ నాయన చేతులనే కనిపెట్టి చూసింది. అవి వల బాగుచేయడం తప్ప ఏమీ చేయలేదు. బయలుదేరాల్సిన రోజు రానే వచ్చింది.

పోలేరయ్య గుమ్మంలోకి వచ్చాడు. సంచి లాక్కుని నేలమీద బోర్లించాడు. అంకాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆయన చతికిలబడ్డాడు. రొయ్యల మూట అడుగున పెట్టాడు. పుస్తకం తడవకుండా కోకల మధ్య చుట్టాడు. కూతురు కట్టిన ముడిని రోతగా చూసి, వలతాడు తెచ్చి, అల కొట్టినా ఊడని ముడి వేశాడు. సంచి భుజాన వేసుకుని పడవవైపు నడిచాడు.

"టాసిట్!" అని గెంతింది కామమ్మ. "అమ్మా, టాసిట్!"

"ఏందే ఆ తిట్టు, నాయన ముందర!"

"తిట్టు కాదమ్మా, ఒప్పుకున్నాడు!"

తల్లీకూతుళ్ళు నవ్వుతూ, ఇసుకలో పడుతూ లేస్తూ ఆయన వెనకే పరిగెత్తారు. పోలేరయ్య బుగ్గలు పూరించుకుని గెడ వేసి పడవ నెడుతుంటే కామమ్మ ఎదురొచ్చిన ప్రతి పడవకూ "నెల్లూరు పోతుండా!" అని కేకేసింది.

"ఏందన్నా, పొమ్మన్నావా?" అని గేలి చేశాడు ఒక పడవలోంచి ఓబయ్య.

పోలేరయ్య తల అడ్డంగా ఊపాడు. గెడ మాత్రం ఆపలేదు.

సూళ్ళూరుపేట వైపు ఒడ్డున మగ్దలీనమ్మ దరఖాస్తు కాగితంతో నిలబడి ఉంది. ఆయన మోకాటిలోతు బురదలో దిగి, సంచి నెత్తిన పెట్టుకుని గట్టుకు చేర్చడం చూసి, అక్కడికక్కడే ఒప్పుదల ఖాళీ నింపింది.

"నవ్వితే ఒట్టు పోదు గదా నాయనా?" అంది కామమ్మ.

పోలేరయ్య పడవ ఊగేలా నవ్వాడు.

కామమ్మ చదువు ముగించి 1962 జనవరిలో దీవికి తిరిగి వచ్చింది. పోలేరయ్య అంతకు రెండు నెలల ముందు, 1961 నవంబరులో, వేటకు సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు.