మెతోది బాబాయ్ రాసిన పేజీ

బల్గేరియాలో, ప్లోవ్‌దివ్‌ నగరంలోని ఆ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ఒకటే పరీక్ష. నలభై రెండు సర్వర్లను ఒక్కచోట కూర్చుని నడిపించే ప్రోగ్రామును తమ లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి. దానికి బొమ్మలు, బటన్లు ఉండవు. నల్లటి తెర మీద కమాండ్లు టైపు చెయ్యడమే. ఎలా చెయ్యాలో ఆ సర్వర్లను చూసుకునే పెద్దాయన మెతోది ఆరేళ్ళ కిందట ఏడు అంచెలుగా ఒక పేజీ రాసిపెట్టాడు. ఆ పేజీయే దిక్కు, ఎవరినీ అడగకూడదు. చేసి చూపిస్తే మెతోది కాగితం మీద సంతకం పెడతాడు, ఉద్యోగం ఖాయమవుతుంది.

ఆరేళ్ళలో పదకొండు మంది చేరారు. పదకొండు మందీ ఒక్కరోజులో గట్టెక్కారు.

దరీనాకు ఇది మూడోరోజు, గడువుకు ఆఖరిరోజు. తొమ్మిదేళ్ళు బడిలో భూగోళం పాఠాలు చెప్పి, ఆ జీతంతో ఇల్లు గడవక, ముప్పై ఏడో ఏట ఈ విద్య నేర్చుకుని వచ్చింది. మొదటి మూడు అంచెలూ నల్లేరు మీద బండి నడకలా సాగాయి. నాలుగో అంచెలో మాత్రం కమాండు కొట్టిన ప్రతిసారీ సర్వర్ల నుంచి ఒకటే జవాబు: నువ్వెవరో నాకు తెలియదు. అలిగిన అత్తగారు కూడా అంత కరాఖండిగా అనదు.

"ఏం టీచరమ్మా, ఇంకా ఎక్కాల దగ్గరే ఉన్నావా?" పక్క సీటు కలోయన్ సిగరెట్ పెట్టె ఆడిస్తూ పలకరించాడు. "అలా కింద మెట్ల దగ్గరికి రారాదూ? కాసేపు నిలబడితే బుర్ర పనిచేస్తుంది."

"నాకా అలవాటు లేదు బాబూ. ఆ పొగకి ఉన్న బుర్ర కూడా పోతుంది."

"తాగొద్దులే, ఊరికే నిలబడు..." అని ఇంకేదో చెప్పబోయి, మెతోది బల్ల వైపు చూసి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఆమె ఆ పేజీని మరో ఐదుసార్లు చదివింది. పరీక్ష పేపర్లు దిద్దిన కళ్ళు కదా, అక్షరం అక్షరం గాలించాయి. మూడురోజులుగా తన మీద ఉన్న అనుమానం మెల్లగా పేజీ మీదకు మళ్ళింది. లేచి వెళ్ళి మెతోది ముందు నిలబడింది.

"బాబాయ్, మీ పేజీలో తప్పుంది."

కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. యాభై ఎనిమిదేళ్ళ మెతోదిని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు గానీ, ఆ పేజీ జోలికి మాత్రం ఎవరూ పోరు. అతను కళ్ళజోడు తీసి తీరిగ్గా తుడుచుకున్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది తల్లీ. పదకొండు మంది చేశారు. వాళ్ళెవరికీ కనపడని తప్పు నీకెలా కనపడింది?"

"కొత్త లాప్‌టాప్‌లో మీరే చేసి చూపించండి."

"చూపిస్తే?"

"అందరికీ వేడివేడి చీజు బనిత్సా రొట్టెలు తెచ్చి పెట్టి, సోమవారం నుంచి మళ్ళీ బడికి పోతా."

వేళాకోళంగానే అంది గానీ చివరి మాట నిజంగానే అంది.

బీరువాలోంచి సీలు విప్పని లాప్‌టాప్ వచ్చింది. మెతోది చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఒక్కో అంచె దాటినప్పుడల్లా పెళ్ళిపెద్దలా మీసం దువ్వుకున్నాడు. నాలుగోది కొట్టాడు.

నువ్వెవరో నాకు తెలియదు, అన్నాయి సర్వర్లు, పదహారేళ్ళుగా తమను సాకుతున్న మనిషితో.

మళ్ళీ కొట్టాడు. అదే జవాబు. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మెతోది చాలాసేపు తెర వంక చూసి నుదురు కొట్టుకున్నాడు. ఈ అంచెకు ముందు, కంపెనీ గుర్తింపు ఫైలు ఒకటి పాత సర్వరులోంచి తెచ్చి పెట్టుకోవాలి. తన లాప్‌టాప్‌లో ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయాడు. పేజీలో రాయనేలేదు.

"మరి మీరంతా ఎలా చేశార్రా?"

కలోయన్ నేలచూపులు చూశాడు. "మెట్ల దగ్గర చెప్పుకుంటాం బాబాయ్, సిగరెట్ తాగేటప్పుడు. నాకంటే ముందు చేరిన ఇవాయ్‌లో అనే అతను నాకు చెప్పాడు, నేను నా తర్వాతవాళ్ళకి చెప్పా. పేజీలో తప్పంటే మీరు బాధపడతారని..."

"పదకొండు మందీనా?"

అవునన్నట్టు, ఆ దేశపు అలవాటు ప్రకారం, అందరూ తలలు అడ్డంగా ఊపారు.

మెతోది విరుచుకుపడతాడనుకుంది దరీనా. అతని ముఖం చిన్నబోయింది.

"సిగరెట్ మానితే పదేళ్ళు ఎక్కువ బతుకుతానన్నాడు డాక్టరు, మానేశాను" అన్నాడు మెల్లగా. "ఆ పదేళ్ళూ నాతో ఎవరూ నిజం మాట్లాడరని మాత్రం చెప్పలేదు."

దరీనాకు గెలిచిన సంతోషం కాస్తా ఎగిరిపోయింది. పాపం అనిపించింది. "ఫైలు ఎక్కడుందో చెప్పండి బాబాయ్, రాసేద్దాం" అంది.

అతను చెబుతుంటే ఆమె పేజీలో రాసింది. ఆ ప్రకారమే తన లాప్‌టాప్‌లో ఏడు అంచెలూ పూర్తిచేసింది. నలభై రెండు సర్వర్లూ బుద్ధిగా పేర్లు చెప్పుకుంటూ తెర మీద వరస కట్టాయి. ఆమె కాగితం అందించబోయి, సగంలో చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరినీ అడగకూడదు కదా బాబాయ్. నేను మిమ్మల్ని అడిగాను."

మెతోది కాగితం లాక్కుని సంతకం గీకేశాడు.

"ఆ పదకొండు మందీ నన్ను తప్ప అందరినీ అడిగారమ్మా."