నీలం రంగు రెక్క

ఉషశ్రీ సొంతంగా విమానం కడుతోందంటే అనకాపల్లి బజారులో మొదట ఎవరూ నమ్మలేదు. ఆమె తండ్రి రామ్‌గోపాల్‌ది బెల్లం వ్యాపారం. కశింకోట దారిలో ఖాళీగా ఉన్న గోడౌన్ కూతురికి ఇచ్చి, "పడిపోయేది మాత్రం కట్టకమ్మా" అని ఊరుకున్నాడు.

రెక్కలు దేనితో చెయ్యాలన్న దగ్గర మొగుడూ పెళ్లాలకి పేచీ వచ్చింది. భర్త ఫణీంద్ర ప్లైవుడ్ అన్నాడు. ఉషశ్రీ ఒప్పుకోలేదు. సముద్రపు గాలికి చెక్క చెమ్మ పడుతుందనీ, ఫోమ్ మీద ఫైబర్ గుడ్డ పరిచి, ఆరితే రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు పట్టిస్తే తేలిగ్గా, నున్నగా వస్తుందనీ వాదించింది. చివరికి ఆమె మాటే నెగ్గింది.

మొదటి రెక్క తయారవగానే గోడౌన్ లోపల దాని మొదలు గట్టిగా బిగించి, ఇసుక మూటలు పేర్చి చూశారు. గాలిలో రెక్క పైకి వంగుతుంది కాబట్టి, నేలమీద పరీక్షించాలంటే బోర్లా తిప్పి బరువు పెట్టాలి. మూటలన్నీ మోసింది. దించగానే తిన్నగా లేచింది. ఆ సంతోషంలో ఉషశ్రీ దానికి తనకిష్టమైన ముదురు నీలం రంగు వేసింది.

ఆ రోజు రామ్‌గోపాల్ ఊళ్లో లేడు. మే నెల ఎండలో, ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి గోడౌన్‌కి వచ్చాడు. రంగు ఆరాలని రెక్కని పొద్దుట్నుంచీ వాకిట్లోనే ఉంచారు.

"నాకూ ఓసారి చూపించండి. అంత బరువు మోసిందంటే నమ్మకం కుదరడం లేదు."

"దానికేటి మామయ్యా, చూద్దురు గాని," అన్నాడు ఫణీంద్ర.

చేతులు కాలుతుంటే గోనెగుడ్డలతో పట్టుకుని రెక్కని బోర్లా తిప్పి బిగించారు. ఉషశ్రీ మూటలు అందిస్తుంటే ఫణీంద్ర పేర్చాడు. సగం కూడా పెట్టలేదు. చప్పుడేమీ కాలేదు. రెక్క కొస మెల్లగా కిందికి వాలడం మొదలుపెట్టింది. ఆగుతుందనుకున్నారు. ఆగలేదు.

"తీసెయ్, ఉషా, తీసెయ్."

ఇద్దరూ మూటలు కిందికి లాగేశారు. రెక్క లేవలేదు. వాలింది వాలినట్టే ఉండిపోయింది.

ఉషశ్రీ వంగి అడుగున చెయ్యి పెట్టింది. చురుక్కుమంది. మొదలు దగ్గర నున్నటి పొర, తడిసిన అట్టలా ముడత పడి ఉంది.

"ఏటైందమ్మా?"

"ఎండకి రెసిన్ మెత్తబడిపోయింది నాన్నా. ముదురు రంగు కదా, వేడంతా పట్టేసింది."

రామ్‌గోపాల్ వంగి ఆ ముడతని చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఈ విమానంలో నువ్వు కూచుంటానన్నావు కదా," అన్నాడు.

ఆమె ఇసుక మూట మీద కూలబడింది. రెక్క విరిగి ఉంటే ఇంత భయం వేసేది కాదు. పైన, గాల్లో మెత్తబడినా, హెచ్చరికగా ఇది చిన్న చప్పుడైనా చేసేది కాదు. ఫణీంద్ర నీళ్లు తెచ్చి ఇచ్చాడు. గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు.

మర్నాడు అతనే అన్నాడు: "తెల్ల రంగు వేసి, వేడికి ఆగే రెసిన్ వాడితే ఫైబరే బాగుంటాది. నా మాట నెగ్గాలని నాకేం లేదు."

"తెలుసు. కానీ ఇక దాని మీద చెయ్యి వేత్తే నాకు ఒణుకొచ్చేత్తంది. ప్లైవుడ్డే తెప్పించు. బరువెక్కినా పరవాలేదు."

ఎవరైనా దాన్ని సాపు చేసి వాడతారేమోనని, వంగిన రెక్కని ఉషశ్రీ తన చేత్తోనే రంపంతో కోసింది. ఫణీంద్ర అవతలి కొస కదలకుండా పట్టుకున్నాడు. కోత పూర్తయ్యేదాకా వదల్లేదు.