మూడో గుక్క దాకా మాట్లాడకు

షూర్ పోయిన మర్నాడు పొద్దున బీరు కాచే గదిలో రాగి కాగు మూత తీసిన చప్పుడైంది. సిన్నొవె వంటింట్లో కాఫీ పెడుతోంది. "నాన్నా, కాఫీ అయింది" అనబోయి నాలుక కరుచుకుంది. నాన్న కింద ఊళ్లో చర్చి పక్క గదిలో, శవపెట్టెలో ఉన్నాడు.

ఆ చప్పుడు ఆమెకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. ముందు మూత అంచు కాగుకు తగిలి ఖంగుమనేది, తర్వాత పక్కన రాతి మీద మెల్లిగా ఆనేది. ఆ ఇంట్లో మూత అలా తీసేది ఒక్క షూరే. వెళ్లి చూస్తే గదిలో ఎవరూ లేరు, మూత మాత్రం రాతి మీద ఉంది. ఎలుకలై ఉంటాయి అనుకుంది. అంత మూత ఎత్తే ఎలుక ఎక్కడిదని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు, అందుకే ఎవరితోనూ అనలేదు.

సిన్నొవె జన్మలో బీరు ముట్టలేదు. వాళ్లమ్మ వైపు వాళ్లంతా ప్రార్థనలకు వెళ్లే మనుషులు, బీరు వాసనకే ముక్కు మూసుకునే రకం. చిన్నప్పుడు అమ్మకు మాటిచ్చింది, యాభై దగ్గర పడుతున్నా తప్పలేదు. షూర్ సంగతి వేరు. అతని బీరంటే ఆ లోయంతా చెవి కోసుకునేది. కొత్తగా బీరు రుచి తెలుసుకోవాలని పట్నం నుంచి కుర్రకారు వస్తే బల్ల ముందు కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టేవాడు.

"చల్లగా కావాలని అడక్కండి. చలికి బీరు నోరు మూసుకుంటుంది. నురగ లేదని ఏడవకండి, నురగ తాగడానికి వచ్చారా? ముందు వాసన చూడండి, తొందరేం లేదు. మొదటి గుక్కని నమ్మొద్దు. అంతకు ముందు తిన్నదే నోటికి గుర్తుంటుంది. రెండో గుక్క గొంతుకి. మూడోది తాగాక అప్పుడు నోరు తెరవండి. అందాకా బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు."

అన్నీ నవ్వుతూ చెప్పేవాడు, ఆ చివరి మాట దగ్గర మాత్రం మొహం గట్టిపడేది. ఏటా క్రిస్మస్‌కి కూతురి ముందు కూడా ఒక చెక్క గిన్నె పెట్టేవాడు. ఆమె దాన్ని పక్కకి జరిపేది. "సరేలే" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే సిన్నొవెకి ముద్ద దిగడం లేదు.

రెండో రోజు కూడా మూత తీసిన చప్పుడైంది. ఆ రోజే గూరో అత్త దిగింది. షూర్‌కి అక్క ఆమె. కర్ర పట్టుకుని నడుస్తుంది గానీ నోటికి ఏ కర్రా అక్కర్లేదు.

"చావు బీరు ఎప్పుడు కాస్తావే?"

"కొనుక్కొద్దాం అత్తా. నాకేం తెలుసు?"

"కొంటావా? షూర్ చావుకి కొన్న బీరా? నలుగురూ నా మొహాన ఉమ్ముతారు. చచ్చినవాడి ఇంటి తోడుతో కాచిన బీరు ఊరంతా తాగాలి, మొదటి గిన్నె వారసురాలు తాగాలి. అప్పుడుగానీ వాడు గడప దాటడు. లేకపోతే ఇక్కడిక్కడే తిరుగుతుంటాడు."

సిన్నొవె అత్త దగ్గరికి జరిగింది. మూత సంగతి అత్తకు చెప్పేసింది. గూరో ఆశ్చర్యపోలేదు. "వాడే. ఇంకెవరు?" అంది తాపీగా. "పద, తోడు దండ తీసుకురా."

పెరుగుకి తోడు ఉన్నట్టే ఆ లోయలో బీరుకీ తోడు ఉంటుంది. చిన్న చిన్న చెక్క ముక్కలు ఒకదానిలో ఒకటి గుచ్చి దండలా చేసి, పొంగుతున్న బీరులో ముంచి, ఆరబెట్టి గోడకి తగిలిస్తారు. చెక్క మీద బూడిద రంగులో అట్టగట్టేదే తోడు. షూర్ ఇంటి తోడు వాళ్ల ముత్తాతల నాటిది.

సిన్నొవె దండ తెచ్చి అత్త చేతిలో పెట్టింది. పాలలా తెల్లగా, కొత్త చెక్కలా మెరిసిపోతోంది.

గూరో దండని వెలుతురులో తిప్పి చూసింది. "ఏం చేశావే దీన్ని?"

"చుట్టాలొస్తారని ఇల్లంతా కడిగాను. ఇదేమో మురికి పట్టి, అట్టలు కట్టి ఉంది. సోడా వేసి ఉడకబెట్టాను."

"నీ చేతులు పడిపోను! మీ నాన్నని ఉడకబెట్టావు కదే!"

సిన్నొవె దండని వెనక్కి తీసుకుని తల దించుకుంది. తండ్రి చేతిలో గిన్నె ఎన్నడూ అందుకోలేదు. తీరా ఆయన పోయాక చేయాల్సిన ఒక్క పనినీ చేజేతులా పాడుచేసుకుంది. ఇక ఆయన ఇలాగే రోజూ పొద్దున లేచి ఖాళీ కాగు మూత తీసి చూసుకుంటాడా?

గూరో చాలాసేపు తిట్టింది. తిట్లు అయిపోయాక గొంతు తగ్గించి, "ఇక్కణ్నుంచి పట్టుకెళ్లిన తోడు ఇంకొక ఇంట్లో ఉంది" అంది. "ఐవిన్ దగ్గర."

సిన్నొవె తలెత్తింది. ఏటి అవతలి ఐవిన్‌కీ షూర్‌కీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. నలభై ఏళ్లుగా ఇటువాళ్లు అటు వెళ్లలేదు, అటువాళ్లు ఇటు రాలేదు. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కంచం, ఒకే మంచం" అంది గూరో. "ఐవిన్ పెళ్లాం పోయినప్పుడు చావు బీరు వాడే కాచుకున్నాడు, ఏడుస్తూ, నిద్ర లేకుండా. ఊరంతా కూర్చుంది. మీ నాన్న ఒక్క గుక్క తాగి, 'పులిసింది' అన్నాడు. అందరి ముందూ. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోగలమా? అప్పట్నుంచే కదా మూడో గుక్క మూడో గుక్క అని వచ్చినోడికల్లా పాఠం! చెప్పుకోవాల్సిన మనిషికి తప్ప లోకమంతటికీ చెప్పాడు."

మర్నాడు సిన్నొవె వంతెన దాటింది. ఐవిన్ పెరట్లో కట్టెలు పేరుస్తున్నాడు. ఆమెను చూసి పని ఆపలేదు.

"మీ నాన్న పంపాడా? తను రాలేక?"

"అది కాదు బాబాయ్..."

"నిన్న పొద్దున వచ్చి వంతెన అవతల నిలబడ్డాడు, టోపీ చేత్తో పట్టుకుని. ఇవాళా అంతే. దాటుతాడేమో అని చూశాను. దాటితే కదా! వచ్చి ఒక్క మాట అంటే వాడి నోరు అరిగిపోతుందా?"

ఐవిన్ ముందు షూర్ పేరెత్తే ధైర్యం ఆ లోయలో ఎవరికీ లేదు. చావు కబురు కూడా ఎవరూ చేరవేయలేదు.

"నాన్న ఆదివారం పోయాడు బాబాయ్" అంది సిన్నొవె. "ఇవాళ బుధవారం."

ఐవిన్ చేతిలో కట్టె జారిపడింది. వంతెన వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. కట్టెల మీదే కూర్చుండిపోయాడు. ఆమె వచ్చిన పని చెప్పింది, దండ ఉడకబెట్టిన సంగతి కూడా దాచలేదు. చివరికి ఐవిన్ లోపలికెళ్లి బూడిద రంగులో అట్టగట్టిన దండ ఒకటి తెచ్చి ఇచ్చాడు.

"తోడు అడిగితే లేదనకూడదు, అందుకే ఇస్తున్నాను. మీ నాన్న మొహం చూసి కాదు. తోడు వేసేటప్పుడు కేక వెయ్యడం మర్చిపోకు. కేక వినకపోతే అది లేవదు."

"మీరు రండి బాబాయ్, నాకు చేతకాదు."

"ఆ గడప నేను తొక్కను" అని మొహం తిప్పుకున్నాడు.

గురువారం పొద్దుటి నుంచీ కాగు కింద మంట. గూరో పీట వేసుకుని కూర్చుని ఆజ్ఞలు జారీ చేస్తూనే ఉంది. జునిపర్ అనే ముళ్ల పొద కొమ్మలు వేసి నీళ్లు కాచారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ అందులో నానబెట్టి, వడకట్టి, ఆ తియ్యటి రసాన్ని సాయంత్రం దాకా మరిగించి తొట్టిలో పోశారు.

"మోచెయ్యి ముంచి చూడు. అప్పుడే పితికిన పాల వెచ్చదనం ఉండాలి. ఉందా? ఊఁ, వెయ్యి దండ. ఇప్పుడు కేక వెయ్యి."

తోడు వేసేటప్పుడు కేక వేస్తే గాలీ ధూళీ పారిపోతాయనీ, తోడు ఉలిక్కిపడి లేస్తుందనీ అక్కడివాళ్ల నమ్మకం. ఎవరింటి కేక వాళ్లదే. సిన్నొవె నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

"సిగ్గేస్తోంది అత్తా."

"ఎవరు చూడొచ్చారు? తొట్టి చల్లారిపోతోంది, కేక వెయ్యి!"

ఏదో అరిచింది.

"పిల్లి తోక తొక్కినా ఇంతకంటే బాగా అరుస్తుంది!"

అప్పుడు ఆమె వెనక నుంచి కేక వినబడింది. రెండు మెట్లు పైకెక్కి చివర విరిగే కేక, షూర్ కేక. గది అదిరింది, కాగు మూత సన్నగా మోగింది. గూరో పీట మీంచి లేచి నిలబడింది. సిన్నొవె తిరిగి చూసింది. తలుపు తెరిచి ఉంది, గుమ్మంలో మనిషి లేడు. వాకిట్లోకి పరిగెత్తింది. మంచులో వంతెన మీద నుంచి ఎవరో గబగబా వస్తున్నారు, నెత్తిన టోపీ కూడా లేదు. దగ్గరికొస్తే ఐవిన్.

హమ్మయ్య, ఈయనేనా అనుకుంది సిన్నొవె. ఇద్దరూ కలిసి పెరిగినవాళ్లు, కేక కూడా కలిసే నేర్చుకుని ఉంటారు. ఐవిన్ ఆగకుండా ఆమెను దాటుకుపోయాడు. ఆయాసపడుతూ గడప దాటి లోపలికొచ్చాడు, గదంతా ఒకసారి కలియజూసి తొట్టి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి రసం మీద ఒక బుడగ లేచింది, దాని పక్కన ఇంకొకటి. తోడు లేచింది.

సోమవారం షూర్‌ని పూడ్చి అందరూ ఇంటికొచ్చారు. ఎండు గొర్రె మాంసం, పల్చటి రొట్టెలు, బల్ల చివర బీరు పీపా. షూర్ కుర్చీలో సిన్నొవెని కూర్చోబెట్టి గూరో మొదటి గిన్నె ఆమె చేతికిచ్చింది. 'అమ్మా, క్షమించు' అని మనసులో అనుకుని ఆమె ఒక గుక్క మింగింది. పొగ వాసన, ఆ వెనకే పులుపు. బాగా పులుపు. దండ ఉడకబెట్టిన చేతులే కదా కాచింది! మొహం చిట్లించబోయి ఆగింది. రెండో గుక్క తాగింది, గొంతులో వెచ్చగా దిగింది.

ఎదురుగా ఐవిన్ గిన్నె ఎత్తాడు. బల్ల చుట్టూ తలలు అటు తిరిగాయి. నలభై ఏళ్ల బాకీ ఇవాళ వడ్డీతో తీర్చుకుంటాడని అందరికీ తెలుసు, సిన్నొవెకీ తెలుసు. ఒక గుక్క తాగాడు. ఏమీ అనలేదు. రెండోది. మూడోది. గిన్నె దించి మూతి తుడుచుకున్నాడు.

"మా ఆవిడ చావు బీరు కూడా ఇలాగే ఉండింది" అన్నాడు. "నిజంగానే పులిసింది అది. వెధవ, అబద్ధం ఆడలేదు. ఆ రోజు ఆ నిజం ఎందుకురా అన్నదే నా బాధ." ఆయన కళ్లు నిండాయి. "మంచి బీరమ్మా. మీ నాన్నకి తగ్గ బీరు."

సిన్నొవె ఆయన చెయ్యి పట్టుకుంది. "అంతా మీ చలవే బాబాయ్. ఆ రోజు మీరు కేక వెయ్యకపోతే తోడు లేచేదే కాదు."

ఐవిన్ అయోమయంగా చూశాడు. "నేనెక్కడ వేశాను? చిన్నప్పుడు చేపలకి వెళ్లాలంటే వాడు ఇటు నుంచి ఆ కేక వేసేవాడు, నేను అటు నుంచి పరిగెత్తుకొచ్చేవాణ్ణి. ఇన్నేళ్లకి పిలిచాడు కదా అని టోపీ కూడా పెట్టుకోకుండా వచ్చాను."

సిన్నొవె అత్త వైపు చూసింది. గూరో తన గిన్నెలోకి చూస్తోంది.

"తాగవే" అంది తల ఎత్తకుండానే. "నీకింకా మూడో గుక్క ఉంది."

తాగింది. పులుపు వెనక్కి పోయింది. నారింజ తొక్క వాసన, జునిపర్ పొగ, తడి ఉన్ని. చిన్నప్పుడు మంచులో తనను భుజాన వేసుకుని నడిచినప్పుడు నాన్న కోటు వాసన ఇలాగే ఉండేది. "అయ్యో నాన్నా, ఏటా నా ముందు పెట్టింది ఇదా!" అని అందరి ముందూ పైకే అనేసి, బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

మర్నాడు పొద్దున కాఫీ పెట్టి చెవులు రిక్కించి నిలబడింది. కాఫీ చల్లారిపోయింది. బీరు గది నుంచి ఏ చప్పుడూ రాలేదు. ఆయన వెళ్లిపోయాడు. వెళ్లాలనే కదా ఇంత చేసింది, మరి ఈ దుఃఖం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. లోపలికెళ్లి కాగు మూత రెండు చేతులా ఎత్తింది. అంచుని కాగుకి తగిలించి మెల్లిగా రాతి మీద పెట్టింది. మళ్లీ ఎత్తి మళ్లీ పెట్టింది. ఆ చప్పుడు రాలేదు.